బడికి దక్కిన గౌరవం, బడికి అందినది

ప్రైవేటు బడి తెరవాలంటే ప్రభుత్వ గుర్తింపు పత్రం ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ చెప్పేది ఇదే. సర్కారు బడికి ఆ పత్రం అక్కర్లేదు. దానికి దక్కే గుర్తింపు అవార్డుగానో, కొత్త పేరుగానో, ఉత్సవంగానో వస్తుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల్లో బడులకు కొత్త పేర్లు వచ్చే ఈ కథ పాతదే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 చట్టంతో వచ్చిన తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు బడులు నడిపాయి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. 1959లో జిల్లా పరిషత్తుల చట్టం వచ్చాక బోర్డు హైస్కూళ్లు పరిషత్ హైస్కూళ్లయ్యాయి. పట్టణాల్లో మున్సిపల్ బడులు వేరుగా సాగాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. బడి పైఅధికారి మారాడు గానీ పాఠం చెప్పే పంతులు అవసరం మారలేదు.

జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. అవి మంచి టీచరుకు దక్కాల్సిన గౌరవమే. అయితే పక్క తరగతిలో ఖాళీగా ఉన్న కుర్చీని అవి నింపలేవు.

ఆంధ్రప్రదేశ్‌లో బడుల వసతుల కోసం 2019లో మొదలైన నాడు-నేడు పథకం తొలి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, నీళ్లు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీ గోడలు వచ్చాయి. ఇది కంటికి కనిపించిన మేలు, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. అదే కాలంలో 1,000 ప్రభుత్వ బడులకు సీబీఎస్‌ఈ అనుబంధం ఇప్పించారు. పేరు పెద్దది, పరీక్ష తీరు కొత్తది. 2024లో పిల్లల స్థాయిని పరీక్షించి చూశాక, పదో తరగతి వాళ్లు మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షే రాయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అనుబంధ పత్రం ముందు వచ్చింది, దానికి తగిన తయారీ వెనకబడింది. ఆ భారం పిల్లల మీద పడింది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వచ్చారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగుడు పోటీ పెట్టారు. పిల్లల ప్రోగ్రెస్ కార్డులు తల్లిదండ్రుల చేతికిచ్చి మాట్లాడారు, అందరూ కలిసి భోంచేశారు. కూలి పని మానుకుని వచ్చిన తల్లికి బడి గౌరవంగా కుర్చీ వేయడం చిన్న విషయం కాదు.

ఆ తల్లి బడి యాజమాన్య కమిటీలో ఉండొచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. కమిటీ అభివృద్ధి ప్రణాళిక రాయగలదు. లెక్కల పంతులు పోస్టు మంజూరు చేయడం మాత్రం దాని చేతిలో లేదు.

మంజూరైన టీచరు పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదని అదే చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. 2018 తర్వాత నియామకాల దాకా వెళ్లిన పెద్ద డీఎస్సీ, అంటే టీచర్ల ఎంపిక పరీక్ష, 2025లోనే జరిగింది. 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ మధ్యలోనే ఆగింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి, సెప్టెంబరులో నియామక పత్రాలు అందాయి. టీచర్ల రిటైర్మెంట్లు ఏటా ఉంటాయి కాబట్టి డీఎస్సీ కూడా ఏటా జరగాలి.