అడవికి వెల లేదు, కాపలాకు ఖర్చు ఉంది

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం తరఫున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ఆత్మకూరు, శ్రీశైలం, అహోబిలం వైపు గూడేల నుంచి, కడప జిల్లా కొండ అంచు ఊళ్ల నుంచి బస్సులు మారి వచ్చారు. సంతోషం.

ఈ పూట మేము డబ్బు గురించి మాట్లాడతాం. పండుగ రోజు డబ్బు మాట ఏమిటని అనుకోవద్దు. నల్లమలను కాపాడుకుందామని అందరమూ అంటాం. అందుకు ఎంత అవుతుంది, ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి చేతిలో ఉంటుంది అనే మాట వచ్చేసరికి అందరమూ ఊరుకుంటాం. అడవి అంటే మనకు చెంచులక్ష్మి పుట్టిల్లు. ఓబులేసును, మల్లన్నను అల్లుళ్లుగా చూసుకునే జాతి మనది. పుట్టింటికి ఎవరూ వెల కట్టరు. కానీ పుట్టింటికి కాపలా ఉండాలంటే ఖర్చు ఉంటుంది.

2019 సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకాలని, అందుకు 4,000 బోర్లు వేయాలని ప్రతిపాదన వచ్చింది. ఆ ఏడాది మే నెలలో కేంద్రం అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అక్కడి చెంచులు, ఊళ్లవాళ్లు, విద్యార్థులు, కళాకారులు కదిలారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అదే కాలంలో మన వైపు ఆళ్లగడ్డ దగ్గర యాదవాడ పరిసరాల్లో యురేనియం కోసం బోర్లు వేస్తున్నారని తెలిసి ఊళ్లవాళ్లు అడ్డం నిలబడ్డారు. కృష్ణకు అటు ఇటు రెండు రాష్ట్రాలు ఉండొచ్చు, అడవి ఒకటే. కింది నీళ్లూ ఒకటే.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012లో మొదలయ్యాయి. బోరునీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఇట్లాంటి తగవులో ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది: అంతకు ముందు మీ నీళ్లు ఎట్లా ఉండేవి? దానికి జవాబు చెప్పే కాగితం ఊరి చేతిలో ఉండాలి. నీళ్ల పరీక్ష చేయించి, తేదీ వేసిన నివేదికను భద్రపరచుకోవడం పెద్ద ఖర్చు కాదు. అయినా ఆ డబ్బు ముందే ఉండాలి. బోరుబండి వచ్చిన తర్వాత పోగు చేద్దామంటే కుదరదు.

చట్టం కూడా మన కోసం ఆగదు. పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నోటీసు గడువు కనీసం 30 రోజులు. అనుమతి ఇచ్చేశాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయాలంటే మళ్లీ 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ఇవ్వొచ్చు. మన ప్రాంతం కేసులు వినే బెంచీ చెన్నైలో ఉంది. యురేనియం లాంటి అణు ఖనిజాల గనులకు ఆ ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కర్లేదని 2025 సెప్టెంబరులో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఇక మిగిలిన మన బలం గ్రామసభ.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజన భూమిని ప్రైవేటు గనులకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు ఇచ్చింది. గొప్ప తీర్పు. అయితే అది ఐదో షెడ్యూలు ప్రాంతాలకు వర్తిస్తుంది. మన జిల్లాల్లోని నల్లమల గూడేలు ఆ షెడ్యూలులో లేవు. మనకు పట్టుకొమ్మ 2006 అటవీ హక్కుల చట్టం. అడవిని కాపాడే అధికారం ఆ చట్టం 5వ సెక్షను గ్రామసభకే ఇచ్చింది. సామూహిక అటవీ వనరుల హక్కుకు ‘సి’ ఫారం ఉంది. చెంచులం అత్యంత బలహీన గిరిజన సమూహం కింద ఉన్నాం కాబట్టి ఆవాస హక్కు కూడా అడగవచ్చు. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే చూడాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. వకీలుకు లక్షలు పోయాలేమో అని చాలామంది భయపడతారు. 1987 న్యాయసేవల చట్టం కింద షెడ్యూల్డు తెగలవాళ్లకు న్యాయసహాయం ఉచితం. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. హక్కుల ఫారాలు ఉచితంగా ఇవ్వాలి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్లు అదీ కట్టక్కర్లేదు.

మరి డబ్బు దేనికి? నంద్యాల కలెక్టరాఫీసుకు నలుగురు పోయి రావడానికి బస్సు ఛార్జీలకు. ఆ రోజు కూలి పోయిన ఇంటికి బియ్యానికి. గ్రామసభకు సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పనులు మానుకుని వచ్చినవాళ్లకు ఆ పూట కూడు పెట్టాలి. మన దేవర గుళ్లు, తేనె కొండలు, గడ్డలు తవ్వే చోట్లు, నీటి చెలమలు పటం మీద గుర్తు పెట్టించాలి. జిరాక్సులు, నీళ్ల పరీక్షలు ఉండనే ఉన్నాయి. చిన్న చిన్న ఖర్చులే. ఈ చిన్న ఖర్చులు లేకనే పెద్ద పోరాటాలు సగంలో ఆగిపోతాయి.

యాభై ఇళ్ల గూడెంలో ఇంటికి నెలకు 20 రూపాయలు వేస్తే నెలకు వెయ్యి, ఏడాదికి 12,000. ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు నెలకు నూరు వేస్తే ఇంకా బలం. తేనె తీసేటప్పుడు పట్టంతా కోయం, ఈగలకు కొంత వదులుతాం. గడ్డ తవ్వినా మళ్లీ మొలవడానికి కొస వదులుతాం. ఈ నిధి కూడా అట్లాంటిదే. తేనె, కుంకుళ్లు, చిల్లగింజలు, జిగురు అమ్మిన డబ్బులో అడవి వంతు అడవికి తీసిపెట్టడం. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గ్రామం 2009లో సామూహిక హక్కు సాధించింది. 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంది. అడవిని నరికి అమ్మితే ఒకసారే డబ్బు. నిలబెట్టి దాని ఫలం అమ్ముకుంటే ఏటా డబ్బు, ఏటా కాపలా.

బయటి మనసున్నవాళ్లనూ అడుగుదాం. అడిగే తీరు అహోబిలం పారువేటలో ఉంది. సంక్రాంతి తర్వాత స్వామి పల్లకి ఊరూరా తిరిగి తన పెళ్లికి రమ్మని పిలుస్తుంది. ముందు పిలుపు, ఆ తర్వాతే కానుక. ఉగాదికి నాగలూటి, పెచ్చెరువు దారిన నడిచిపోయే కన్నడ భక్తులు ఈ అడవి నీడనే నడుస్తారు. వాళ్లకు నన్నారి షర్బత్ ఇచ్చి, ఈ అడవి కథ చెప్పి, ఇష్టమైతే సాయం చేయమనండి.

అయితే కొన్ని కట్టుబాట్లు ఉండాలి. ఎవరి సొంత ఫోన్ నంబరుకూ డబ్బు వేయించుకోవద్దు. సంఘం పేర బ్యాంకు ఖాతా తెరిచి ముగ్గురి సంతకాలు పెట్టండి, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి ఉండాలి. ప్రతి అమావాస్యకు జమాఖర్చులు గోడ మీద రాయండి, చదువురాని అవ్వకు చదివి వినిపించండి. విదేశీ విరాళానికి వేరే చట్టం, వేరే రిజిస్ట్రేషన్ ఉంది. అది లేకుండా పైసా ముట్టుకోవద్దు. మన పిల్లల ఫొటోలు పెట్టి మన పేరు మీద చందాలు వసూలు చేస్తామని ఎవరైనా వస్తే ముందు గ్రామసభకు వచ్చి లెక్క ఒప్పుకోమనండి. అడవి మీద కన్నేసినవాళ్లు గుడి కట్టిస్తామన్నా, పందిరి వేయిస్తామన్నా తీసుకోవద్దు.

మీలో కొందరి మనసులో మాట మాకు తెలుసు. ‘అడవి, అడవి అంటారు, మా గూడేనికి రోడ్డు లేదు, ఆస్పత్రి లేదు, ఉద్యోగం లేదు’ అని. ఆ కోపం న్యాయమే. కానీ రోడ్డుకు, బడికి, ఆస్పత్రికి గని రానక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షను కింద గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీభూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు. అంటే అడవినీ ఆస్పత్రినీ రెండింటినీ అడిగే హక్కు మనకుంది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోమనేవాళ్ల మాట నమ్మవద్దు.

లంకమల కంపపొదలను ఒకప్పుడు పనికిరాని బీడు అనేవాళ్లు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. పట్టి చూపించింది అడవి ఎరిగిన స్థానిక వేటగాడే. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చింది. పరిశోధకులు, అటవీశాఖ, న్యాయస్థానం కలిసివచ్చాయి, కాలువ దారి మళ్లింది. పిట్ట కోసం కాలువ పక్కకు తప్పుకుంది. మనుషులున్న అడవి కోసం ఎందుకు తప్పుకోదు? మన దగ్గర ఆధారం ఉండాలి, సమయానికి చూపే ఓపిక ఉండాలి.

కాబట్టి ఈ సభ నుంచి ఒక్క పని పట్టుకుపోండి. వచ్చే శివరాత్రి లోపల ప్రతి గూడెంలో ఖాతా తెరవండి, ‘సి’ ఫారం మీద గ్రామసభ పెట్టండి, తాగే నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. శివరాత్రికి శ్రీశైలంలో కలుద్దాం. ఎవరి గూడెం లెక్క వాళ్లు తెచ్చి అందరి ముందూ చదవండి. మా సంఘం లెక్క మేము మొదట చదువుతాం.

జై ఆదివాసీ!