మా మేడ మీది గడకర్ర

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద నేను ఇదివరకు రెండుసార్లు మాట్లాడాను. రెండుసార్లూ డీఏ బకాయిల గురించే. ఈసారి కార్యదర్శి గారు "బకాయిలు వద్దు గానీ, మీ మేడ మీద ఆ గడకర్ర ఏమిటో చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అన్నారు. సరే, ఆ గడకర్ర కథే చెబుతాను. నేను ఇంజనీరును కాను. ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాను. కాబట్టి నాకు అర్థమైన భాషలోనే చెబుతాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడిన రోజు. మా అక్కయ్య అక్కడే ఉంటుంది. బావగారు అప్పటికే పోయారు. ఇంట్లో ఆమె, కోడలు, ఇద్దరు చిన్నపిల్లలు. మేనల్లుడు దుబాయిలో ఉద్యోగం. ఆ ఉదయం అక్కయ్య ఫోన్ చేసి "గాలి బాగా ఎక్కువగా ఉందిరా తమ్ముడూ, కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి" అంది. అంతే, ఆ తరువాత ఫోన్ లేదు. ఆదివారం పోయింది, సోమవారం పోయింది. టీవీలో చూస్తే చెట్లు, స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు, అన్నీ నేలమీదే ఉన్నాయి. మేనల్లుడు దుబాయి నుంచి గంట గంటకీ "మామయ్యా, ఏమైనా తెలిసిందా?" అని అడుగుతున్నాడు. హైదరాబాదులో కూర్చున్న నాకు ఏం తెలుస్తుంది?

మంగళవారం సాయంత్రం మా వీధి చివర ఉండే ఒకాయన గుర్తుకొచ్చారు. బ్యాంకులో పనిచేసి రిటైరయినవారు. ఆయన మేడ మీద తీగలు, కర్రలు చూసి వీధిలో అందరం నవ్వుకునేవాళ్ళం. వెళ్ళి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒక కాగితం తీసి తేదీ, టైము, ఎవరి నుంచి, ఎవరికి, చిరునామా, ఆనవాలు, సందేశంలో ఎన్ని మాటలు అన్నీ వరసగా రాసుకున్నారు. అచ్చం మన తపాలు రిజిస్టరే! ఆ కంగారులో కూడా ఆ పద్ధతి చూసి నాకు కొంత ధైర్యం వచ్చింది. తరువాత మైకు పట్టుకుని, విశాఖలో బ్యాటరీ మీద సెట్టు నడుపుతున్న మరొకాయనకు అది చదివి వినిపించారు.

బుధవారం రాత్రి జవాబు వచ్చింది. "మనుషులు క్షేమం. రేకుల షెడ్డు ఎగిరిపోయింది. బీపీ మాత్రలు అయిపోయాయి." క్షేమం అన్న మాటకు నేను తట్టుకున్నాను గానీ, బీపీ మాత్రల దగ్గర కళ్ళనీళ్ళు ఆగలేదు. అది ఎవరో కల్పించి చెప్పే మాట కాదు, మా అక్కయ్య మాటే. జేబులో చెయ్యి పెట్టబోతే ఆయన వారించారు. ఈ లైసెన్సు మీద డబ్బు తీసుకోకూడదట, నియమం. అమెచ్యూర్ అంటేనే ఇష్టం కొద్దీ చేసేవాడని ఆ రోజు తెలుసుకున్నాను.

దీన్నే హామ్ రేడియో అంటారు. మన హైదరాబాదులోనే రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ 1983లో మొదలైంది. ఆ సంస్థ బృందంతో అండమాన్ వెళ్ళిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి రేడియో మీద కబుర్లు అందించిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఇవి పెద్దల విషయాలు. మా ఇంటి విషయానికి వస్తాను.

నేను నేర్చుకుంటానంటే మా అబ్బాయి "వాట్సాప్ ఉండగా ఇదెందుకు నాన్నా?" అన్నాడు. మా మనవరాలికి అప్పుడు పన్నెండేళ్ళు నిండాయి. ఈ పరీక్షకు కనీస వయసు 12. గరిష్ఠ వయసు లేదు, ఆ సంగతి మనవాళ్ళు గమనించాలి. "తాతయ్యా, నేనూ రాస్తాను" అంది. ఇద్దరం కలిసి చదివాం. ఓము సూత్రం ఆమె నాకు చెప్పింది, దరఖాస్తు నింపడం నేను ఆమెకు చెప్పాను. మేం రాసింది రెస్ట్రిక్టెడ్ గ్రేడు. అందులో మోర్సు టకటకలు ఉండవు. జనరల్ గ్రేడుకు అవి కావాలి. ప్రశ్నపత్రంలో రెండు భాగాలు, రేడియో సిద్ధాంతం ఒకటి, నియమనిబంధనలు ఒకటి. ఒక్కొక్క దాంట్లో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. నియమాల భాగం నేను తెరిచి చూడలేదు. ముప్ఫై నాలుగేళ్ళు రూల్సు చదివినవాడికి ఇంకా చదివేదేముంది అనుకున్నాను. ఫలితాలు వచ్చాయి. మనవరాలు పాసయింది. నేను నియమాల్లోనే తప్పాను. ఇంట్లో నెల రోజులు అదే చర్చ. రెండోసారి బుద్ధిగా చదివి గట్టెక్కాను.

ఒక ముఖ్యమైన సంగతి. ఇంట్లో ఒకరికి లైసెన్సు ఉంటే అందరూ మాట్లాడవచ్చని చాలామంది అనుకుంటారు. ఇది రేషను కార్డు కాదు. ఎవరి పరీక్ష వారిది, ఎవరి పిలుపు పేరు వారిది. రెస్ట్రిక్టెడ్ వారికి వీయూ3, జనరల్ వారికి వీయూ2 అని మొదలవుతుంది. రాజీవ్ గాంధీ గారు వీయూ2ఆర్‌జీ అయితే, సోనియా గాంధీ గారు విడిగా వీయూ2ఎస్‌ఓఎన్. మా ఇంట్లో ఇప్పుడు మూడు లైసెన్సులు. మూడోది మా ఆవిడది. 2018లో, అరవై దాటాక రాసింది. తొలిసారే పాసయిందని ఇక్కడ చెప్పకపోతే ఇంటికెళ్ళాక నాకు భోజనం ఉండదు.

ఇప్పుడు రిపీటర్ అంటే ఏమిటో చెబుతాను. చేతిలో పట్టుకునే సెట్టు అయిదు వాట్లది. దాని తరంగం ఇంచుమించు కంటిచూపు లాగే తిన్నగా పోతుంది. నేల గుండ్రం కాబట్టి ఎత్తును బట్టి దూరం. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని నాలుగుతో హెచ్చిస్తే సుమారుగా అన్ని కిలోమీటర్లు. నేల మీద నిలబడిన మనిషికి అయిదు వస్తుంది. ఇద్దరు మనుషుల మధ్య మైదానంలో పది. మన ఊరి మేడల మధ్య ఒకటో రెండో దక్కితే గొప్ప. అదే వంద మీటర్ల ఎత్తున ఒక పెట్టె పెడితే దాని వాటా నలభై. దానికి మన అయిదు కలిపితే నలభై అయిదు. ఆ ఎత్తు మీది పెట్టే రిపీటర్.

అది చేసేది మన తపాలు గుమాస్తా పనే. ఒక కిటికీలో ఇన్వార్డు తీసుకుంటుంది, పక్క కిటికీలోంచి అదే క్షణంలో డిస్పాచ్ చేస్తుంది. రెండు కిటికీలూ ఒకటే అయితే తన కేకకు తనకే చెవులు మూసుకుపోతాయి. అందుకని రెండు మీటర్ల బ్యాండులో వాటి మధ్య 600 కిలోహెర్ట్జ్ ఎడం ఉంచుతారు. ఉదాహరణకు మనం 145.600 మీద వింటే, మీట నొక్కినప్పుడు సెట్టు తనంతట తానే 145.000 మీదికి వెళ్ళి పంపాలి. ఆ ఎడం సెట్టులో ముందే పెట్టుకోవాలి. ఇంకొకటి టోను. మన గొంతు అడుగున, చెవికి దాదాపు వినపడని సన్నని మోత ఒకటి వెళుతుంది. అది ఫైలు మీద పొట్టి సంతకం లాంటిది. అది లేని కాగితాన్ని రిపీటర్ ముట్టదు. కొత్తవాళ్ళు "నేను అరుస్తున్నా ఎవరూ పలకడం లేదు" అని వస్తారు. పదిమందిలో తొమ్మిదిమందికి ఆ టోను పెట్టకపోవడమే జబ్బు.

నా జబ్బు వేరు. సెట్టు కొత్తలో ఒక సాయంత్రం దాన్ని సోఫాలో దిండు కింద పెట్టి దాని మీదే కూర్చున్నాను. మీట నొక్కుకుపోయింది. ఆ సమయంలో మా ఆవిడకూ నాకూ లైఫ్ సర్టిఫికెట్ విషయమై మాటా మాటా వచ్చింది. నవంబరు నెల, మీకు తెలుసు కదా! నేను బ్యాంకుకు వెళ్ళలేదని ఆమె, వెళ్ళానని నేను. అందులో మా వియ్యపురాలి ప్రస్తావన కూడా వచ్చింది. రిపీటర్‌లో ఒక గడియారం ఉంటుంది, ఎవరైనా ఆపకుండా మాట్లాడితే కొద్ది నిమిషాల్లో నోరు మూయిస్తుంది. ఆ కొద్ది నిమిషాలూ నగరంలోని హాములందరూ మా సంసారం విన్నారు. మర్నాడు ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా "తమరి సర్టిఫికెట్ ఇచ్చేశారా?" అని అడిగారు. రేడియో మీద రహస్యమంటూ ఉండదు. మాట్లాడేముందు ఒక క్షణం విని, కాల్‌సైన్ చెప్పి, పని ముగించి మీట వదలాలి. వ్యాపారం, రాజకీయం, పాటలు ఏవీ కుదరవు. మా ఆవిడ అయిదు మాటల్లో చెప్పి ఆపుతుంది. ఆ పొదుపు ఇంట్లో లేదనుకోండి.

ఇక గడకర్ర. తరంగం పొడవు కావాలంటే 300ని మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. 145తో భాగిస్తే రెండు మీటర్ల పైచిలుకు. అందులో పావు భాగం, చిన్న తగ్గింపు పోను, సుమారు 49 సెంటీమీటర్లు. ఒక ఎస్‌ఓ-239 సాకెట్టు, మందపాటి రాగి తీగ ముక్కలు అయిదు. ఒకటి నిలువుగా, నాలుగు గొడుగు ఊచల్లా కిందికి వంచి. మనవరాలు కొలిచింది, నేను కత్తిరించాను, మా ఆవిడ టంకం పెట్టింది. బంగారపు పని చూసిన కన్ను కదా, మా ఇద్దరి కంటే ఆమెదే శుభ్రంగా వచ్చింది. కేబులు మాత్రం 50 ఓములది కొనండి, టీవీకి వాడేది 75. ఉరుములు మొదలుకాగానే కేబులు ఊడదీయాలి, మరిచిపోకూడదు. మొదట్లో పక్క మేడ వారు మా కర్ర వల్ల వారి టీవీ చెడిందన్నారు. తీరా చూస్తే వారి డిష్ మీద కాకి గూడు కట్టింది.

2020 అక్టోబరు 13 రాత్రి చెప్పి ముగిస్తాను. ఆ రోజు హైదరాబాదులో కురిసిన వాన మీరెవరూ మరిచిపోరు. మా అబ్బాయి వాళ్ళు నగరానికి అటు చివర, లోతట్టున ఉంటారు. రాత్రి పదింటికి కరెంటు లేదు, ఫోను లేదు. మా ఆవిడ దేవుడి గది దగ్గర కూర్చుంది. నేను సెట్టు పట్టుకుని రిపీటర్ మీద చెవి పెట్టాను. ఆ రిపీటర్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి సరిపోయింది. బ్యాటరీ లేనిచోట అదీ నిద్రపోతుంది. అందుకే రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడటం కూడా అలవాటు చేసుకోవాలి.

పదిన్నరకు మనవరాలి గొంతు వినిపించింది. ముందు తన కాల్‌సైన్, తరువాత నా కాల్‌సైన్, ఒక్క అక్షరం తడబడలేదు. "నీళ్ళు కింద ఇంట్లోకి వచ్చాయి. మేం నలుగురం రెండో అంతస్తులో పొరుగువారింట్లో ఉన్నాం. నాన్న కాలికి రేకు గీసుకుంది, కట్టు కట్టాం. ఓవర్" అంది. రూల్సు మనిషినైన నేను కాల్‌సైనూ చెప్పలేదు, ఏమీ చెప్పలేదు. "అమ్మా, తల్లీ" అన్నాను, గొంతు పట్టుకుపోయింది. మా ఆవిడ నా చేతిలోంచి సెట్టు లాక్కుని, తన కాల్‌సైన్ చెప్పి, ధనుర్వాతం ఇంజక్షను సంగతి అడిగింది. మరో హాము ఆ సందేశం రాసుకుని, తెల్లవారగానే ఆ వీధికి చేరగలిగిన ఒకరికి అందించారు. ఆ తరువాత మా అబ్బాయి వాట్సాప్ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అలాగని పరీక్షా రాయలేదు. వాడికి తీరిక లేదట.

మొదలుపెట్టదలచిన వారికి ఒకే మనవి. ముందు సెట్టు కొనకండి. పిల్లలకు బొమ్మలంటూ అమ్మే వాకీటాకీల్లో కొన్నిటికి లైసెన్సు కావాలి, ఆ సంగతి పెట్టె మీద ఉండదు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఈ విషయమై ఆన్‌లైన్ అమ్మకందారులకు నోటీసులిచ్చింది. ముందు లైసెన్సున్నవారి పక్కన కూర్చుని నాలుగు సాయంత్రాలు వినండి. మనం పూర్వం రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని ఏటా పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడినవాళ్ళమే, ఇది మనకు కొత్త కాదు. దరఖాస్తులు ఇప్పుడు కంప్యూటరు మీద, సరళ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్లో. మేం రాసినప్పుడు పరీక్ష రుసుము వంద రూపాయలు. లైసెన్సు ఇరవై ఏళ్ళకు వెయ్యి, జీవితాంతానికి రెండు వేలు. నేను ఇరవై ఏళ్ళదే తీసుకున్నాను. మా ఆవిడ జీవితాంతానిది తీసుకుంది.

ప్రతి రెండో శనివారం సాయంత్రం అయిదింటికి మా ఇంట్లో సెట్టు వేసి ఉంటుంది. మనవళ్ళను, మనవరాళ్ళను తీసుకురండి. పన్నెండు నిండినవాళ్ళయితే దరఖాస్తు అక్కడే నింపిస్తాను. మేడకు నలభై ఒక్క మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవారి కోసం కింద హాల్లోకి ఒక స్పీకరు తీశాను, కుర్చీలు కూడా వేయించాను. సెలవు.