మొదటి మాట ఇంట్లోవాళ్లదే కావాలి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభలో చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకోవడం ఆనవాయితీ. సంఘం పెద్దలు మాత్రం మతోన్మాదం గురించి మాట్లాడమన్నారు. ముస్లింను కాబట్టి నన్ను అడిగారేమో అనుకున్నాను. అయినా ఒప్పుకున్నాను. ఈ ప్రశ్నకు జవాబు మన చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంది.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలాయి. అలాంటి ప్రతి ఘటన మర్నాడు ఆఫీసులో ఎవరో ఒకరు, "మీవాళ్లు ఏమంటున్నారు?" అని నన్ను అడుగుతారు. చంపినవాళ్లు మావాళ్లు, చనిపోయినవాళ్లు మాత్రం మావాళ్లు కారా? ఈ ప్రశ్న నొప్పిస్తుంది. కానీ నొప్పి పేరు చెప్పి నోరు మూసుకుంటే ఉన్మాదికి దారి ఇచ్చినట్టే. ఇంటి గోడకు పగులు వస్తే మొదట కనిపించేది లోపల ఉన్నవాళ్లకే. మొదట చెప్పాల్సిందీ వాళ్లే.

అలా చెప్పినవాడు షోయబుల్లా ఖాన్. 1920లో మానుకోట తాలూకా సుబ్రవేడులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపారు. రజాకార్ల దౌర్జన్యాలను ఉర్దూలోనే ఎండగట్టారు. నాందేడ్ ప్రాంతంలో రెవెన్యూ అధికారిగా ఉన్న ఫరీద్ మీర్జా ఆ దౌర్జన్యాలు చూసి ఉద్యోగం వదిలేశారు. ఆయనతో కలిపి ఏడుగురు ముస్లిం ప్రముఖులు 1948 ఆగస్టులో, రజాకార్లను అదుపు చేయాలని, హైదరాబాద్ భారత్‌లో కలవాలని ప్రకటన ఇచ్చారు. 'ఇమ్రోజ్' దాన్ని అచ్చువేసింది. కొద్దిరోజులకే, ఆగస్టు 21 రాత్రి, ఇంటికి వెళ్తున్న షోయబుల్లాను కాల్చి, రాసే చేతిని నరికారు. తెల్లవారేసరికి ఆయన కన్నుమూశారు. అప్పటికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. మరో ఐదు రోజులకు, మనకు దగ్గర్లోని బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి మీద పడి పదుల మందిని చంపారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మతం పేరు చెప్పుకున్న ఆ రజాకార్లు పల్లెల్లో అండగా నిలిచింది ఎవరికి? దేశ్‌ముఖ్‌లకు. మన ఐలమ్మ ఎదిరించిన విస్నూరు దేశ్‌ముఖ్ హిందువు. భూమి కోసం ఆయనతో కోర్టులో పోరాడి హత్యకు గురైన కామారెడ్డిగూడెం బందగీ ముస్లిం రైతు. మతం జెండా కింద ఎవరి లాభం దాగుందో చూడమని మన ఊళ్లు మనకు ఏనాడో నేర్పాయి.

కథ అక్కడితో ఆగలేదు. పోలీస్ చర్య తర్వాత ప్రతీకారం పేరుతో మామూలు ముస్లింలను చంపారు. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివాళ్లు తమ తోటి ముస్లిం నేతపనివాళ్లను కాపాడారు. అందుకోసం ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. షోయబుల్లా తనవాళ్ల ఉన్మాదానికి ఎదురు నిలిచాడు, ఆ నేతన్నలు తమవాళ్ల ఉన్మాదానికి ఎదురు నిలిచారు. ఇద్దరిదీ ఒకే ధర్మం.

మనం కలిసి పీర్ల పండుగ చేసుకున్నాం, కాబట్టి మనకేం కాదు అంటారు కొందరు. 1948లోనూ పీర్లు లేచాయి. పండుగ సోపతి మంచిదే, కానీ సరిపోదు. గడ్డుకాలంలో నోరు తెరిచే అలవాటు కావాలి. ఆ అలవాటు చిన్న విషయాల్లోనే మొదలవుతుంది.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడు విషం వస్తుంది. ముస్లిం పేరుతో వస్తే మొదట కాదనాల్సింది నేను. హిందూ పేరుతో వస్తే మొదట కాదనాల్సింది మీలో ఒకరు. అప్పుడు మిగతావాళ్లు చూస్తూ కూర్చోకుండా, "వాడు చెప్పింది నిజం" అని ఒక్క ముక్క రాయండి. షోయబుల్లా లాంటివాళ్లను ఒంటరిగా వదిలేయకపోవడమంటే అదే. నిందితుడికి మతం అంటగట్టి, పక్కింటి అమాయకుడిని సంజాయిషీ అడగకండి. అలా అడిగితే, మాట్లాడాలనుకున్నవాడూ ముడుచుకుపోతాడు. ఉన్మాదికి కావాల్సింది సరిగ్గా అదే.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఏటా ఆగస్టు 22న మన బడిలో షోయబుల్లా ఖాన్ పేరిట వ్యాసరచన పోటీ పెడదాం. మొదటి పదేళ్ల బహుమతుల ఖర్చు నాది. పక్క జిల్లాలో పుట్టిన ఆ మనిషి పేరు తెలియకుండా మన బడి నుంచి ఏ పిల్లా, పిల్లవాడూ బయటికి వెళ్లకూడదు.

సెలవు.