మంద్రస్థాయిలో ఒక జీవనోపాధి
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



పాఠశాల ఉత్సవాలలో వైద్యులుగా, ఇంజనీర్లుగా, అధికారులుగా రాణించిన వారిని ప్రస్తుతించడం ఆనవాయితీ. అది ఉచితమే. కాని పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారంలో ప్రధానోపాధ్యాయుల గదికి వచ్చే తల్లిదండ్రులలో ఒకరిద్దరైనా గొంతు తగ్గించి వేరొక ప్రశ్న వేస్తుంటారు: "అబ్బాయి గిటారు వాయించి బ్రతుకుతానంటున్నాడు, కూడు పెడుతుందంటారా?" ఈ ప్రశ్నను నవ్వి త్రోసిపుచ్చడం సులభం. సమాధానం చెప్పడానికి మాత్రం ఆ వృత్తి ఎటువంటిదో కొంత తెలియాలి. అందుచేత ఈనాటి ప్రసంగానికి ఒక్క వృత్తినే ఎన్నుకోవడమైనది. ఎవరి వద్దా నెలజీతానికి చేరక, ఇంటిలోనే ఒక గదిని రికార్డింగుకు అమర్చుకొని, ఇతరులు కూర్చిన పాటలకు బేస్ గిటారు వాయించి పంపి, పాటకింత అని ప్రతిఫలం పుచ్చుకొనే సెషన్ వాద్యకారుని వృత్తి అది.

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తంత్రులు. మామూలు గిటారులోని దిగువ నాలుగు తంత్రుల కంటె ఒక స్థాయి క్రిందుగా అవి పలుకుతాయి. అన్నిటికంటె లావుపాటి తంత్రి సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అమెరికాలో లియో ఫెండర్ 1951లో దీనిని విపణిలోకి తెచ్చేవరకు, మనిషి ఎత్తుకు మించిన డబుల్ బేస్ వాద్యాన్ని నిలబడి వాయించేవారు. మన కచేరీలో తంబుర శ్రుతిని నిలుపుతుంది, మృదంగం లయను నడుపుతుంది. పాటలో బేస్ ఈ రెండింటి నడుమ నిలిచి, ఒక చేయి శ్రుతికి, మరొక చేయి లయకు అందిస్తుంది. విన్నవారిలో నూటికి తొంభైమంది దానిని ప్రత్యేకించి గుర్తించరు. తీసివేస్తే మాత్రం పప్పులో ఉప్పు లేనట్లు పాట చప్పబడుతుంది.

రాత్రికింత అని ప్రతిఫలం పుచ్చుకొని పరుల పాటకు వాయించడం ఈ బళ్ళారి సీమకు కొత్త గాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇక్కడ న్యాయవాదులుగా ఉంటూనే తెలుగు నాటకానికి ప్రాణం పోశారు. బళ్ళారి రాఘవ దానికి దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చారు. తరువాతి కాలంలో కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒక ఊరి శ్రీకృష్ణుడు, మరొక ఊరి అర్జునుడు, వేరొక ఊరి హార్మోనిస్టు సాయంత్రం కలిసి, తెల్లవారేవరకు ఆడి, తమ తమ దారిన పోయేవారు. నటుడు ఏ శ్రుతిలో పద్యమెత్తుకుంటే ఆ శ్రుతిని క్షణంలో పట్టుకొనే హార్మోనిస్టుకు ఊరూరా పిలుపులుండేవి. కరపత్రంలో అతని పేరు ఉన్నా అడుగున, చిన్న అక్షరాలలో ఉండేది.

చలనచిత్రాలు వచ్చాక ఆ హార్మోనిస్టుల వారసులు మద్రాసు చేరారు. కోడంబాకం ప్రాంతపు రికార్డింగు థియేటర్లలో కాల్షీట్ లెక్కన వాయించిన వందలాది వాద్యకారులలో తెలుగువారు, తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు అందరూ ఉన్నారు. హైదరాబాదులో తెలుగు కుటుంబంలో జన్మించి కన్నడ చిత్రసంగీతంలో మహోన్నత స్థానం పొందిన జి.కె. వెంకటేష్ (1927–1993) ఈ సందర్భంలో స్మరణీయులు. సండూరు ఇళ్ళలో ఇప్పటికీ పలికే 'బంగారద మనుష్య' పాటలకు స్వరకర్త ఆయనే. ఆయన వద్ద సహాయకునిగా పనిచేసిన ఒక గిటారు వాద్యకారుడు అంతకుముందు ప్రతిఫలానికి ఇతరుల పాటలకు వాయించినవాడే. 1976లో స్వయంగా సంగీత దర్శకుడైన ఆ ఇళయరాజా, తన పాటలలో బేస్ గిటారుకు అంతవరకు లేని గౌరవం కల్పించారు. బేస్ వాయించవలసిన ప్రతి స్వరాన్ని పాశ్చాత్య లిపిలో వ్రాసి ఇవ్వడం ఆయన పద్ధతి. ఆ కాగితాన్ని చూచినది చూచినట్లు చదివి వాయించగలవారికే అక్కడ స్థానం. మాతృభాషలో ధారాళంగా చదవడం వలె అదొక అక్షరాస్యత.

ఇంటి స్టూడియో విషయానికి వస్తే, దక్షిణదేశంలో మొదట చెప్పవలసిన పేరు ఎ.ఆర్. రెహమాన్. తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో మరణించేనాటికి ఆయన వయస్సు తొమ్మిదేళ్ళు. తండ్రి మిగిల్చిన వాద్యపరికరాలను అద్దెకిచ్చి ఆ కుటుంబం గడిపింది. బాలుడు పెరిగి రమేష్ నాయుడు, రాజ్–కోటి వంటి తెలుగు సంగీత దర్శకుల వద్ద కీబోర్డు వాయించాడు. 1989లో ఇంటి ఆవరణలోనే పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియోను నిర్మించుకొన్నాడు. 1992 నాటి 'రోజా' పాటలు అక్కడ రూపొందినవే. ఆయన పాఠశాల చదువు మధ్యలో ఆగిపోయిందని కొందరు పిల్లలు ఉత్సాహంగా ఉదహరిస్తుంటారు. అది ఆ ఇంటి ఇబ్బంది తెచ్చిన నిర్బంధమే తప్ప ఆదర్శంగా ఎన్నుకొన్న మార్గం కాదని వారికి తెలియజెప్పాలి.

ఆనాడు స్టూడియో అంటే లక్షల వ్యయం. ఈనాడు ఒక కంప్యూటరు, ధ్వనిని అంకెలుగా మార్చే చేతిపెట్టె, హెడ్‌ఫోన్లు, మంచి గిటారు ఉంటే పని ఆరంభించవచ్చు. స్వరకర్త ఎక్కడో ఉంటాడు. బేస్ లేని పాటను, దాని వేగాన్ని, స్వరలిపిని పంపుతాడు. వాద్యకారుడు తన భాగాన్ని మాత్రమే రికార్డు చేసి తిరిగి పంపుతాడు. పని ఎరిగినవాడు నిరాడంబరంగా ఒకటి, కొంత అలంకారంతో ఒకటి వాయించి రెండూ పంపి, ఎంపికను స్వరకర్తకు వదులుతాడు. అమెరికా పశ్చిమతీరంలో చలికాలపు సాయంత్రం 6 గంటలైతే ఇక్కడ మరునాటి ఉదయం 7.30. అక్కడివారు నిద్రించి లేచేసరికి ఇక్కడి పని పూర్తికాగలదు. దీనిలో గణితం కూడ ఉంది. సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 3 బైట్లు చొప్పున నాలుగు నిమిషాల బేస్ భాగం సుమారు 35 మెగాబైట్లు అవుతుంది. పూర్వపు టెలిఫోను మోడెమ్ సెకనుకు 56 కిలోబిట్ల పూర్తివేగంతో పనిచేసినా అది పోవడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టేది. ఇప్పుడు సెకనుకు 30 మెగాబిట్లు పంపగల తీగ ఉంటే పది సెకన్లు చాలు. సండూరుకు మద్రాసు దగ్గరైనది ఈ విధంగానే.

అయితే సండూరులోనే ఇది సాధ్యమా? ఖనిజపు లారీలు తిరిగే దారిలో, గోడలు అదిరే ఇంటిలో రికార్డింగు ఎట్లా? గాయకునికైతే నిజంగా కష్టమే. అతని ముందున్న మైక్రోఫోను లారీ మ్రోతను కూడ పట్టుకొంటుంది. బేస్ గిటారు సంగతి వేరు. దానిలోని అయస్కాంతం, తీగచుట్ట తంత్రి కంపనాన్ని నేరుగా విద్యుత్తుగా మారుస్తాయి. ఆ విద్యుత్తు తీగ ద్వారా కంప్యూటరుకు చేరుతుంది. నడుమ గాలి ప్రసక్తి లేదు కనుక లారీ మ్రోత లోనికి రాదు. ఖనిజాల ఊరికి తగిన వాద్యమేదంటే ఇదేనని చెప్పవచ్చు.

దీనికి శత్రువు రహదారి మీద ఉండదు, ఇంటి గోడలోనే ఉంటుంది. మన దేశంలో గృహవిద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలతో ప్రవహిస్తుంది. లావుపాటి తంత్రి మీద మూడవ మెట్టున పలికే స్వరం సెకనుకు 49 కంపనాలు. విద్యుత్తు హోరు సరిగ్గా ఈ వాద్యం ప్రక్కనే వచ్చి కూర్చుంటుందన్నమాట. వడపోతతో హోరును తీయబోతే స్వరమూ పోతుంది. రెండు చుట్టలను పరస్పరం వ్యతిరేకంగా అమర్చి హోరును హోరుతోనే రద్దుచేసే పద్ధతిని ఫెండర్ బేస్‌లో 1957లో ప్రవేశపెట్టారు. అట్టి వాద్యం, ఇంటికి సక్రమమైన ఎర్తింగు, ఈ రెండూ ఉన్నచోట ఖరీదైన పరికరాల అవసరం చాలావరకు తగ్గుతుంది. గది విషయంలో మరొక చిక్కు ఉంది. 41 కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం దాదాపు 27 అడుగులు. పన్నెండడుగుల గదిలో స్పీకరు పెట్టి వింటే ఒక చోట బేస్ ఉరుముతుంది, మరొక చోట మాయమవుతుంది. అందుచేత చిన్న గదిలో చెవికి ఆనుకొనే హెడ్‌ఫోనే నమ్మదగినది. భౌతికశాస్త్రంలో ధ్వని పాఠం పరీక్షకు మాత్రమే పనికివస్తుందని భావించే విద్యార్థులు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక పేరు ప్రతిష్ఠల మాట. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో బెర్రీ గోర్డీ 1959లో ఒక ఇల్లు కొని దానినే మోటౌన్ సంస్థకు స్టూడియోగా మార్చారు. అక్కడ వెలువడిన అనేక ప్రసిద్ధ గీతాలకు బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. తంత్రిని మీటడానికి అతడు కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కటే వాడేవాడు. ప్రపంచమంతా ఆ పాటలు పాడుకొన్నది. రికార్డుల మీద వాద్యకారుల పేర్లు 1971 వరకు లేవు. 1983లో, 47వ ఏట అతడు మరణించాడు. గౌరవాలు చాలవరకు ఆ తరువాతే వచ్చాయి. లాస్ ఏంజెలెస్‌లో కెరోల్ కే అనే మహిళ గిటారు వాయిస్తూ, 1963లో ఒకనాడు బేస్ వాయించవలసినవాడు రాకపోగా ఆ వాద్యాన్ని అందుకొని, ఆ రంగంలో అగ్రగణ్యురాలైంది. బిడ్డల తల్లిగా సంసారం నడుపుతూనే ఆమె వేలాది రికార్డింగులు చేసింది. ఈ పాఠశాల బాలికల తల్లిదండ్రులు ఆమె పేరు గుర్తుంచుకోవడం మంచిది.

మన వైపున, చిత్తూరులో జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్ (1925–1988) మద్రాసు సినీ వాద్యకారులను సంఘటితం చేసినవారిలో ముఖ్యులు. చట్టం కూడ కొంత మారింది. 1994 నాటి సవరణతో కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు చేరింది. వాద్యకారుడు కూడ ఆ నిర్వచనంలోకి వస్తాడు. ఈ హక్కు ఇప్పుడు 50 సంవత్సరాలు ఉంటుంది. 2012 సవరణతో తన వాద్యానికి తన పేరు చెప్పించుకొనే హక్కు, వాణిజ్య వినియోగంపై రాయల్టీ హక్కు వచ్చాయి. కాని ఇంట కూర్చొని ఒంటరిగా పనిచేసేవానికి థియేటరులోని సహవాద్యకారుల అండ ఉండదు. బేరం అతడే ఆడాలి, బాకీ అతడే అడగాలి, ఒప్పందపత్రం అతడే చదువుకోవాలి. వ్రేళ్ళలో విద్య ఉండి పత్రం చదవలేక నష్టపోవడం ఈ వృత్తిలో సర్వసాధారణం.

నెలనెలా జీతం రాదన్న తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. కొన్ని నెలలు పది పాటలు, కొన్ని నెలలు శూన్యం. అందువలన తొలి సంవత్సరాలలో వేరొక ఆదాయం తప్పనిసరి. పిల్లలకు వాద్యం నేర్పడమో, పగటి ఉద్యోగమో ఉండాలి. అయితే స్థిరమనుకొన్నది ఎంత స్థిరమో కూడ సండూరుకు తెలియనిది కాదు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనుల త్రవ్వకాన్ని నిలిపివేసినప్పుడు, తిరిగి షరతులతో అనుమతించేవరకు ఎన్ని ఇళ్ళలో లారీ కిస్తీలు ఆగిపోయాయో ఈ సభలో కూర్చున్నవారే చెప్పగలరు.

ఇటీవల మరొక ప్రమాదం వచ్చింది. కోరినది మాటలలో చెబితే వాద్యాలతో సహా పాటను తయారుచేసే కంప్యూటరు సేవలు 2023, 2024 నాటికి జనసామాన్యానికి అందాయి. చౌకబారు ప్రకటనలకు, నేపథ్యధ్వనికి వాయించి బ్రతికేవారికి పని తగ్గడం అనివార్యం. యంత్రం వచ్చిన ప్రతిసారీ వాద్యకారుడు నశించలేదన్నదీ నిజమే. కీబోర్డు, కంప్యూటరు విద్యలో ఆరితేరిన రెహమాన్, బేస్ కోసం కీత్ పీటర్స్ వంటి వాద్యకారులను పిలిపించుకొంటూనే వచ్చారు. తాళానికి వెంట్రుకవాసి వెనుకగా నిలిచి పాటకు బరువు తెచ్చే ఆ జాగు మనిషి వ్రేలిలో ఉంది. కాని ఆ జాగు కూడ రికార్డయిన తరువాత యంత్రానికి పాఠమవుతుంది. అందుచేత ఈనాడు ఈ వృత్తిలో దిగే పూర్వ విద్యార్థి ఎవరైనా, సంతకానికి ముందు ఒప్పందపత్రంలో ఒక వాక్యం కొరకు తప్పక వెదకాలి: తాను వాయించినది ఈ ఒక్క పాటకేనా, లేక యంత్రానికి నేర్పడానికి కూడ వాడుకొంటారా? ఆ వాక్యం లేకపోతే వ్రాయించాలి. వ్రాయమంటే మానుకొనే స్వరకర్తలు ఉంటారు, వ్రాసి ఇచ్చేవారూ ఉన్నారు.