కోటగోడ పక్క ఇల్లు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మా బడిలో చదివే ఒక పిల్లవాడి ఇల్లు గోల్కొండ కోటగోడకు బాగా దగ్గర. రెండు గదులు, ఇద్దరన్నదమ్ముల సంసారాలు. పెద్దబ్బాయి నికాహ్‌కు ముందే పైన ఒక గది వేద్దామని ఇటుకలు దింపించారు. కట్టరాదని నోటీసు వచ్చింది. ఆ ఇటుకలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. "మాస్టర్ సాబ్, కోట పాదుషాలది, సరే. మరి ఇల్లు ఎవరిది?" అని ఆ తండ్రి అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు.

1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్ర రక్షణలోని కట్టడం హద్దు నుండి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధము. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. దీన్ని అన్యాయపు చట్టమని మేము అనలేము. కోటరాయి తెచ్చి గడప కింద వేసుకున్నవాళ్ళు మనలోనూ లేకపోలేదు కదా!

మన షరీఅత్‌లో రికాజ్ అనే మాట ఉన్నది. పూర్వులు పాతిపెట్టిన నిధి దొరికితే అయిదవ వంతు బైతుల్‌మాల్‌కు, అనగా ప్రజల ఖజానాకు చెందుతుంది. (దొరికిన నేల ఇంకొకరిదైతే ఏమిటనే చోట ఫకీహ్‌లలో భేదాలున్నాయి, అవి ఇప్పుడు వద్దు.) ఇక 1878 నాటి నిధుల చట్టం చూడండి. పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచినవాడు తన వాటా పోగొట్టుకుంటాడు, జైలుకూ పోవచ్చును. అయితే సర్కారు ఆ నిధిని తానే తీసుకోదలిస్తే సరుకు విలువ కట్టి, దానిపైన అయిదవ వంతు కలిపి ఇవ్వాలి. అక్కడ వ్యక్తి ప్రజలకు ఇస్తున్నాడు, ఇక్కడ ప్రజలు వ్యక్తికి ఇస్తున్నారు.

మరి ఇటుకలు దింపించిన ఆ ఇంటికి రావలసిన అయిదవ వంతు ఏది? తవ్వకాలవల్ల నేలకు నష్టం కలిగితే పరిహారమని 1958 చట్టంలోనే రాశారు. వేసుకోలేకపోయిన గదికి లెక్క ఎవరు కడతారు? కోట చూడవచ్చేవాళ్ళు ఇచ్చే టికెట్ల డబ్బులో కొంత ఆ బస్తీల మురుగుకాల్వలకు, ఇళ్ళ మరమ్మతులకు ఖర్చుపెట్టాలని మేము గట్టిగా అంటాము.

అంతదాకా ఊరికే కూర్చోనక్కరలేదు. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి, 100 మీటర్ల లోపలైనా సరే, అనుమతి తీసుకొని మరమ్మతు చేసుకోవచ్చును. ఈ సంగతి చాలామందికి తెలియదు. భయపడి కప్పు కారుతున్నా వదిలేస్తారు, లేదా రాత్రికి రాత్రి స్లాబు వేసి చిక్కుల్లో పడతారు. ఇల్లు పాతదని చూపే కాగితాలు లేవా అంటే, ఉంటాయి, పెట్టె అడుగున. నిజాం కాలపు గొలుసుకట్టు ఉర్దూ, ఇప్పటి పిల్లలకు చదవరాదు. మాకు వచ్చును.

ఇకమీదట ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత మేము మరో ఇద్దరు ఉపాధ్యాయులతో సంఘం ఆఫీసులో కూర్చుంటాము. కాగితాలు తెండి, చదివి తెలుగులో నకలు రాసి, దరఖాస్తు కూడా రాసిస్తాము. పైగది సంగతి మా చేతిలో లేదు గాని, ఆ పిల్లవాడి ఇంటి కప్పు కారకుండా అయినా చూడవచ్చు. వాళ్ళ కాగితాలే మొదట తెమ్మన్నాము.