హార్మోనియము తిత్తి, మిడి పెట్టె మీట



గోదావరి మండలములలో పద్యనాటకమునకు గల ఆదరము నేటిది కాదు. 1880లోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున తెలుగు నాటకమును ప్రదర్శింపజేసిరి. కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, యండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును జంటకవులై రచించిన పాండవ నాటకముల పద్యములు నేటికిని తిరునాళ్లలోను, శ్రీరామనవమి పందిళ్లలోను వినబడుచునే యున్నవి. ఆ పద్యమునకు తరతరములుగా తోడు నడచిన వాద్యము హార్మోనియము. ఇటీవల పెక్కుచోట్ల దాని స్థానమున కీబోర్డును, దానితోపాటు మిడి కంట్రోలరు అను మీటల పెట్టెయు వచ్చి చేరినవి. నాటక సమాజములకు వాద్య సహకార మొసగు మేము కొందరము ఈ పెట్టెను పద్యమునకు లొంగునట్లు అమర్చుకొనుటకు చాలకాలము శ్రమపడితిమి. అందు మేము చేసిన పొరపాటును, దానినుండి నేర్చిన పాఠమును నేడు మీకు మనవి చేసికొందుము.

మొట్టమొదట తెలిసికొనదగిన సంగతి యేమనగా, ఈ పెట్టెలో స్వరము లేదు. కాలువ తూమువద్ద లస్కరు త్రిప్పు చక్రములో నీరుండునా? అతడు చక్రమును త్రిప్పినకొలది తలుపు లేచును. పారు నీరు గోదావరిది. ఆ విధముగనే మన మొక మీటను కదల్చినపుడు ఈ పెట్టె కొన్ని సంఖ్యలను మాత్రము పంపును. స్వరము పుట్టునది ఆ సంఖ్యల నందుకొను మరియొక యంత్రమున. ఈ సంఖ్యల భాషకే మిడి యని పేరు. అమెరికా దేశస్థుడగు డేవ్ స్మిత్, జపాను దేశస్థుడగు ఇకుతారో కకెహాషి దీనికి ముఖ్య కారకులు. 1983 జనవరిలో అమెరికాయందు జరిగిన వాద్య ప్రదర్శనలో రెండు వేరువేరు సంస్థల వాద్యములను తీగతో కలిపి, ఒకదానిని వాయించిన రెండవది పలుకునట్లు చూపిరి. ఈ కృషికై 2013లో వారిద్దరికిని సాంకేతిక గ్రామీ పురస్కారము లభించినది.

ఈ భాషలో పదునారు కాలువలు కలవు. ఒక్కొక్క కాలువలో ఒక్కొక్క వాద్యమును నడపవచ్చును. ఒక్కొక్క మీట 0 మొదలు 127 వరకు, అనగా 128 మెట్లలో, తన స్థితిని తెలుపును. ఏ పనికి ఏ సంఖ్యయో చాలవరకు ముందే ఒడంబడిక యున్నది. 7వ సంఖ్య వాద్యము యొక్క మొత్తపు బిగ్గరతనమునకు. 11వ సంఖ్య ఆ బిగ్గరతనమునకు లోబడి, పలుకు పలుకునకును కలుగు హెచ్చుతగ్గులకు. మొదటిది ఆనకట్టవద్ద పెద్ద తలుపు వంటిది. రెండవది పొలముగట్టున తూము వంటిది. ఏ మీటకు ఏ సంఖ్య నప్పగింపవలెనో నిర్ణయించుట మ్యాపింగు. అట్లు నిర్ణయించిన అమరికనంతయు ఒక పేరుతో దాచి, కావలసినపుడు ఒక్క నొక్కుతో రప్పించుకొనుటకు వీలుగా నుంచినది ప్రీసెట్టు.

మా పెట్టెకు ఎనిమిది నాబులు, ఎనిమిది స్లైడర్లు, పదునారు ప్యాడ్లు కలవు. ఇన్ని మీటలు చేతికి దొరికినపుడు ఒక్కటియు ఖాళీగా నుండరాదని తోచుట సహజము. మేమును అట్లే తలచితిమి. పాటకొక ప్రీసెట్టు, పద్యమునకొకటి, యుద్ధరంగమునకు మరియొకటి. ప్రతిదానియందును మీటలన్నిటికిని వేరువేరు పనులు. బల్లపై చూచుటకు ముచ్చటగనే యుండెను.

ఒక శివరాత్రినాడు కోనసీమలోని ఒక గ్రామమున రాయబార ఘట్టము ప్రదర్శింపబడుచుండెను. అంతకు ముందటి పాటలో మొదటి స్లైడరు తబలా ధ్వనికి అప్పగింపబడియుండుటచే, దానిని పూర్తిగా పైకి నెట్టియుంటిమి. పద్యము రాగానే ప్రీసెట్టు మార్చితిమి. క్రొత్త ప్రీసెట్టులో అదే స్లైడరు హార్మోనియము ధ్వనికి చెందినది. యంత్రము జ్ఞాపకమున నున్న సంఖ్య 60. కాని మీట నిలిచియున్నది 127 కడ. శ్రీకృష్ణ పాత్రధారి రాగము నెత్తుకొని, మెల్లగా గొంతు తగ్గించి, పద్యపు మూడవ పాదములో ప్రవేశించెను. మేమును ధ్వనిని కొంచెము తగ్గింపదలచి స్లైడరును వ్రేలితో తాకితిమి. అంతే. 60లో నున్న ధ్వని ఒక్క గంతులో మీట నిలిచిన చోటికి దుమికెను. ఆయన ఉలికిపడిరి, శ్రుతి తప్పినది, పద్యము నడుమ విరిగినది. పెద్దమనిషి గనుక మావంక చూడక, వాద్యము లేకయే నాలుగవ పాదమును ముగించిరి. ప్రతియేటను ఆ పద్యమునకు వన్స్‌మోర్ పలుకు ప్రేక్షకులు ఆ రాత్రి మిన్నకుండిరి.

తెర దిగిన తరువాత, ఒకనాడు నాటకములకు హార్మోనియము వాయించి ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న ఒక వృద్ధ కళాకారులు మాకడకు వచ్చిరి. ధ్వని యేల దుమికెనో వారడుగలేదు. వారడిగినది వేరు.

"ఏం బాబూ, కుడిచెయ్యి పద్యం వాయిస్తోంది, బాగానే ఉంది. మరి ఎడంచెయ్యి ఏం చేస్తోంది?"

"ఇందులో తిత్తి లేదండీ మాస్టారూ" అంటిమి.

"తిత్తి లేకపోతే పద్యానికి ఊపిరెక్కడిది?" అనిరి.

ఆ మాటతో మా అమరిక యంతయు మరల మొదటినుండి ఆలోచింపవలసివచ్చినది. చేతి హార్మోనియమున కుడిచేయి మెట్లమీద తిరుగుచుండగా, ఎడమచేయి తిత్తి నొత్తుచుండును. కాలి హార్మోనియమున ఆ పని పాదములది. గాయకుడు రాగము తీయుచున్నపుడు తిత్తి మెత్తగా కదలును. పాదము చివర అతడు బలమిచ్చినపుడు తానును బలమిచ్చును. అతడు ఊపిరి తీసికొనునపుడు తానును ఆగును. వినువారికి ఇది తెలియదు, పాడువానికి తెలియును. కీబోర్డు రాకతో ఎడమచేతికి ఆ పని తప్పినది, పద్యమునకు ఊపిరియు తప్పినది. మేము ముప్పదిరెండు మీటలకు పని కల్పించితిమి గాని, హార్మోనియమున ఉన్న ఆ ఒక్క పనిని మరచితిమి.

కావున క్రొత్త అమరికలో మొదటి స్లైడరును 11వ సంఖ్యకు అప్పగించితిమి. అది యిక తిత్తి. ఏ ప్రీసెట్టునందైనను ఆ స్లైడరు ఆ పనియే చేయును, మరియొక పని చేయదు. దీనివలన ప్రీసెట్టు మారినపుడు మీట యొకచోట, సంఖ్య యొకచోట నుండు చిక్కు చాలవరకు తీరినది. మిగిలిన మీటలకు, పెట్టెలో పికప్ అను ఏర్పాటు ఉన్నచో దానిని వాడుట మేలు. మీట కదలివచ్చి, దాచిన సంఖ్యను దాటువరకు ఆ మీట పనిచేయకుండుట దాని లక్షణము. ఇంకొక జాగ్రత్త కూడ తీసికొంటిమి. స్లైడరు క్రిందికి వచ్చినపుడు 0 గాక 40, పైకి పోయినపుడు 127 గాక 110 పంపునట్లు హద్దులు పెట్టితిమి. వ్రేలు జారినను స్వరము చావదు. ఎంత త్రోసినను గాయకుని ముంచదు.

తరువాతది గమకము. మెట్లకు కట్టుబడిన వాద్యము మన సంగీతమునకు తగదను వాదము పాతదే. ఆకాశవాణి 1940లో హార్మోనియమును తన కార్యక్రమములనుండి తొలగించి, 1970 దశకపు ఆరంభమున ఆ నిబంధనను సడలించిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. కీబోర్డునకు స్వరమును వంచు చక్రమొకటి కలదు. దీనికి 128 గాక 16,384 మెట్లు గలవు గనుక జారుడు నున్నగా వచ్చును. సామాన్యముగా అది నల్లవి, తెల్లవి కలిపి రెండు మెట్ల దూరము వంగును. కాని మోహన రాగమున గాంధారమునుండి పంచమమునకు మూడు మెట్లు. రెంటితో ఆపినచో జారుడు పంచమమును చేరక నడుమ నిలిచిపోవును. పన్నెండు మెట్లకు పెంచినచో కొంచెము కదలినను స్వరము అదుపు తప్పును. కావున మోహన, హిందోళ పద్యములకు మూడు మెట్లు, తక్కినవానికి రెండు మెట్లు అని ప్రీసెట్టులోనే వ్రాసియుంచితిమి.

శ్రుతి విషయము మరింత ముఖ్యము. ఒకరిది నాలుగు శ్రుతి, మరొకరిది ఐదున్నర. ఒకటి శ్రుతిలో వాయించుచు యంత్రముచే శ్రుతి మార్పించువారు నాలుగునకు అయిదు మెట్లు, ఐదున్నరకు ఎనిమిది మెట్లు పైకి జరుపవలెను. కాని మెట్టుపై వ్రేలుండగనే శ్రుతి మార్చినచో, కొన్ని యంత్రములలో పాత స్వరము ఆగక మ్రోగుచునే యుండును. అందుచే ఒక ప్యాడును 123వ సంఖ్యకు, అనగా అన్ని స్వరములను ఆపుమను ఆజ్ఞకు, కేటాయించితిమి. దానిపై ఎఱ్ఱ కాగితము అంటించితిమి. మరియొక ప్యాడు శంఖధ్వనికి, ఇంకొకటి ఉరుమునకు. తక్కినవన్నియు ఖాళీ. వానిని చూచి ఇప్పుడు మాకు వెలితి తోచదు.

ప్రీసెట్టులకు అంకెలు గాక పాత్ర పేరును, శ్రుతిని కలిపి పేరు పెట్టుట మంచిది: "కృష్ణుడు నాలుగు", "అర్జునుడు ఐదున్నర" అని. నటులు రంగు పూసికొనుచున్నపుడే వారికడకు పోయి, ఆనాటి గొంతు స్థితి నడిగి, ఒక పద్యపు ఎత్తుగడ పాడించుకొని సరిచూచుకొనవలెను. జలుబు చేసిన గొంతు నిన్నటి ప్రీసెట్టునకు లోబడదు. మార్చిన అమరికను వెంటనే దాచవలెను. దాచనిది కరెంటు పోయిన క్షణమున పోవును. దాచినదానికి కంప్యూటరులో ఒక ప్రతి, పెట్టె మూతకు లోపల కాగితముపై ఒక ప్రతి యుండవలెను. రేపు మాకు బదులు మరియొకరు కూర్చున్నను ఆ కాగితము చూచి వాయింపగలుగుదురు. ఇన్ని చేసియు మేము వేదిక ప్రక్కన పాత హార్మోనియము నొకదానిని ఉంచుకొనుట మానలేదు.

పరదేశపు వాద్యము మన సంగీతమునకు తగునా యని కొందరు సందేహింతురు. 1969లో పాలకొల్లున జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్‌గారిని తలచుకొందము. సంప్రదాయ మాండొలినుకు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుండును. వారు విద్యుత్ మాండొలినును చేపట్టి, జంట తీగలను విడిచి, అయిదు ఒంటి తీగలతో అమర్చుకొని, కర్ణాటక సంగీతపు గమకములను దానిపై పలికించిరి. 2014లో వారు దివంగతులైరి. వారు చూపిన దారి మిగిలియున్నది. వాద్యము ఎట్లు వచ్చినదో అట్లే స్వీకరింపక, పాట కేమి కావలెనో ముందు తెలిసికొని, దాని ననుసరించి వాద్యమును సవరించుకొనుటయే ఆ దారి. ప్రీసెట్టు చేయుట యనగా చిన్నయెత్తున అదియే పని.

మరుసటి శివరాత్రికి అదే గ్రామమునకు, అదే నటునితో పోయితిమి. ప్రదర్శనకు ముందు ఆ వృద్ధ కళాకారులను పిలిచి, పెట్టె ముందు కూర్చుండబెట్టితిమి. వారు కుడిచేతితో మోహన నెత్తుకొని, ఎడమచేతిని మొదటి స్లైడరుపై నుంచి, అలవాటుగా తిత్తి నొత్తినట్లు కదల్చిరి. కొంతసేపటికి, "పైన కొంచెం బిగువుగా ఉంది బాబూ, ఇంకాస్త తగ్గించు" అనిరి. 110ని 100 చేసి దాచితిమి. ఆ సంఖ్య నేటికిని అదే.