నురుగు పట్టు గిన్నె

ప్రొద్దుటివేళ పురుషుడు తన చేతులతో తాను చేసికొను పనులలో గడ్డము గీచుకొనుట యొకటి. ఆ పని ముగిసిన పిమ్మట దాని జాడలను తుడిచివేయు పని మాత్రము తరచుగా ఇంటి ఇల్లాలి పాలబడుచుండును. అద్దముపై నురుగు తుంపరలు, తొట్టి అంచున తెల్లని చార, గచ్చుపై వెండ్రుకల పొడి, కిటికీ గూటిలో తుప్పుబట్టిన బ్లేడు: ఇవి మన వరంగల్లులో మట్టెవాడకు బోయినను, హనుమకొండకు బోయినను, కాజీపేటకు బోయినను పెక్కిండ్లలో కానవచ్చునవే. కత్తిని గూర్చి, సబ్బును గూర్చి చెప్పువారు అనేకులు కలరు. ఆ కత్తికి తోడుగా ఉండవలసిన ఒక చిన్న సాధనమును గూర్చి మేమీ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి. అది నురుగును వెండ్రుకలను పట్టి నిలుపు పాత్ర.

మనకు ఈ పాత్ర క్రొత్తది కాదు. పూర్వము నాయీబ్రాహ్మణుని అడపములో కత్తి, సాన, తోలుపట్టీ, కత్తెర, గోరుగల్లు, అద్దము వీనితోపాటు నీళ్లగిన్నె యొకటి ఉండెడిది. అతడు వాకిటనో, చెట్టునీడనో కూర్చుండి, గిన్నెలోని నీటితో గడ్డమును తీరికగా నాననిచ్చి, కత్తికంటిన దానిని ఎప్పటికప్పుడు ఒకచోటనే తుడిచెడివాడు. తీసిన వెండ్రుక ఇంటిలో పడరాదని పెద్దలు పట్టుబట్టెడివారు. క్షౌరమైన పిమ్మట స్నానము చేయక లోనికి రానిచ్చెడివారు కారు. నేడు మనము ఆ నియమమును శకునముతో ముడిపెట్టి నవ్వవచ్చును గాని, అందులో శుచిత్వమునకు సంబంధించిన మెలకువ ఉన్నమాట నిజము. ఆ పనివానికి దక్కిన గౌరవమును కూడ మరువరాదు. విజయనగరమున సదాశివరాయల కాలమున, అనగా 16వ శతాబ్దమున, అళియ రామరాయలు కొండోజు అను క్షురకుని యెడ సంతసించి క్షురకులపై గల పన్నులను తొలగించిన సంగతి నాటి శాసనములవలన తెలియుచున్నది.

ఐరోపా ఖండమున క్షురకుని గిన్నె మరింత పెద్దది. అంచున ఒకచోట అర్ధచంద్రాకారముగా కోసిన వెడల్పైన పళ్లెమును గడ్డము క్రింద మెడకు ఆనించి, నీరును నురుగును బట్టలపై బడకుండ పట్టెడివారు. స్పెయిను దేశపు సెర్వాంటిస్ 1605లో ప్రకటించిన డాన్ క్విక్సోట్ కథలో ఈ పళ్లెమునకు గొప్ప పాత్ర లభించినది. ఒక క్షురకుడు ప్రక్కయూరికి బోవుచు, వాన కురియగా, తన టోపీ తడియునని ఇత్తడి పళ్లెమును నెత్తిన బోర్లించుకొనును. దూరమునుండి తళతళలాడుచున్న ఆ పళ్లెమును చూచి, మన వీరుడు దానిని బంగారు శిరస్త్రాణమనుకొని గెలుచుకొనును. నవ్వు పుట్టించు ఘట్టమే. అయినను, క్షురకునికి ఆ పళ్లెము ఎంత విడరాని వస్తువో దీనివలన విదితమగుచున్నది.

ఇక సేఫ్టీ రేజరు సంగతి. కత్తి చర్మమును లోతుగా కోయకుండ ఒక అడ్డు ఉండవలెనను తలపు 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు కత్తులపనివాడు జాన్ జాక్ పెరె అనునతనికి కలిగినది. వడ్రంగి చిత్రికను చూచి అతడు కత్తికి కొయ్యతొడుగు కూర్చెను. అటుపిమ్మట 1880లో న్యూయార్కు నగరమున కాంఫె సోదరులు ఒక నూతన పరికరమునకు పేటెంటు పొందిరి. మామూలు మంగలికత్తినుండి చిన్న ముక్కను కోసి, దానిని పిడిగల చట్రమున బిగించిరి. మన ప్రసంగమునకు ముఖ్యమైనది ఆ చట్రమే. అది లోన డొల్లగా, చిన్న పెట్టెవలె ఉండెను. కత్తి గడ్డముపై నడచుచుండగా, గీచిన నురుగు, తెగిన వెండ్రుక ఆ పెట్టెలోనికి జారిపడెడివి. పని ముగిసిన పిమ్మట దానిని ఒక్కసారి దులిపి కడిగిన చాలును. సేఫ్టీ రేజరుతోపాటే నురుగుతట్టయు పుట్టినదన్నమాట. అమెరికా కవి, వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ 1886లో ఐరోపా యాత్రకు బోవుచు ఈ రేజరును వెంట గొనిపోయి, తన యాత్రాగ్రంథమున దానిని ఎంతో మెచ్చుకొనెను. ఊగులాడు ఓడలో గడ్డము గీచుకొనువానికి దాని విలువ తెలియకుండునా!

అంత ఉపయోగకరమైన తట్ట తరువాత ఏమైనది? దానిని తప్పించినది కింగ్ క్యాంప్ జిలెట్ పలుచని బ్లేడు. సీసా మూతను కనిపెట్టిన విలియం పెయింటర్, ఒకసారి వాడి పారవేయు వస్తువును కల్పింపుమని జిలెట్‌కు సలహా చెప్పెను. 1895లో జిలెట్‌కు రెండంచుల బ్లేడు తోచినది. అంత పలుచని ఉక్కురేకును వాడిచేయుట అసాధ్యమని నిపుణులు చెప్పగా, విలియం నికర్సన్ అను ఇంజనీరు దానిని సాధించెను. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో పేటెంటు లభించినది. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము సైనికులకు లక్షల సంఖ్యలో రేజర్లనిచ్చుటతో స్వయంక్షౌరము ఇంటింటి అలవాటయినది. ఈ రేజరుకు ఇరుప్రక్కల అంచులుండుటచే, తట్టను అమర్చుటకు తావు లేదు. ఒకవైపు నురుగు నిండగా రెండవవైపు త్రిప్పి, పిమ్మట నీటిలో జాడించిన చాలును. ఆ దేశములలో గోడకు తొట్టి, తొట్టిపై కుళాయి ఏర్పడుచున్న కాలమది. కనుక తట్ట చేయు పని తొట్టికి అప్పగింపబడినది.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. రేజరు మన యింటికి వచ్చినది గాని, దానివెనుక నుండవలసిన ఏర్పాటు అన్ని ఇండ్లకు రాలేదు. తొట్టి లేనివారు చెంబు ముందుంచుకొని వసారాలో గడ్డము గీచికొని, నురుగును గచ్చుపై విదిలింతురు. తొట్టి గలవారు కుళాయి విప్పియుంచి దానిక్రింద రేజరును జాడింతురు. రెండును నష్టమే.

కుళాయి సంగతి చూతము. నిమిషమునకు 6 లీటర్ల నీరు పారు కుళాయిని 5 నిమిషములు విప్పియుంచినచో 30 లీటర్లు వ్యర్థమగును. అదే పని అరలీటరు పట్టు గిన్నెతో ముగియును. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగరము చెరువుల నీటితో దప్పి తీర్చుకొను నగరమున, మే నెల ఎండలలో ఇంటింట ఒక బిందెడు నీరు గడ్డము పేర పారిపోవుట తగునా? బోరు నీరు వాడువారికి మరియొక ఇక్కట్టు కలదు. మన రాతినేలలోని బోరునీరు పెక్కుచోట్ల కఠినజలము. అందలి కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసినపుడు నురుగునకు బదులు విరిగిన పాలవంటి జిగురు తెట్టె ఏర్పడును. ఆ తెట్టెలో పొట్టి వెండ్రుకలు చిక్కుకొని గొట్టపు వంపులో పేరుకొనును. కొన్ని మాసములకు నీరు దిగుట మానును. పనివానిని పిలిచి గొట్టము విప్పించిన ప్రతి గృహస్థునకు ఈ సంగతి అనుభవైకవేద్యము. గిన్నెలో జాడించిన నీటిని చెట్టుమొదట పారబోసినచో గొట్టమునకు ఆ బెడద లేదు. బోరునీటిని మరగించి, చల్లార్చి, తేరిన నీటిని వాడినచో కాఠిన్యము కొంత తగ్గి, కొద్దిపాటి సబ్బే చక్కగా నురియును.

అయినచో ఎట్టి గిన్నె కావలెను? అరచేతిలో ఇముడునట్టిది, అడుగు బరువైనది, అంచు కొంచెము లోనికి వంగినది శ్రేష్ఠము. అంచు లోనికి వంగినచో కుంచె త్రిప్పునప్పుడు నురుగు వెలికి చిందదు. లోపలి అడుగున గీతలున్నచో నురుగు త్వరగా లేచును. నురుగుకొక గిన్నె, జాడించుటకు మరియొకటి, ఈ రెండును ఉంచుటకొక పళ్లెము ఉన్న చాలును. వేలాది రూకలు వెచ్చింపనక్కరలేదు. వంటింటిలో విరిగిన పిడిగల మగ్గు మొదటిదానికి, పాత స్టీలుగిన్నె రెండవదానికి పనికివచ్చును. ముచ్చట గలవారికి మరియొక మార్గము కలదు. హైదరాబాదు దారిలో జనగామ చెంత గల పెంబర్తి, ఇత్తడిరేకుపై నగిషీపనికి ప్రసిద్ధిగన్న ఊరు. అచటి విశ్వకర్మల చేతిలో పాన్‌దానులు, అత్తరుదానులు రూపొంది నిజాం కాలపు దివాణములను అలంకరించినవి. ఆ చేతులు ఒక గడ్డపుగిన్నెను చేయజాలవా? తండ్రికో, మామకో కానుక ఈయదలచిన యువకులు ఈ మాట ఆలోచింతురుగాక.

గిన్నెతోపాటు కుంచెను వ్రేలాడదీయు నిలుపు కూడ ఉపయోగకరము. తడికుంచెను గిన్నెలోనే విడిచినచో, కేశముల మొదట నీరు నిలిచి, కుళ్లి, వాసన పుట్టును. బాగుగా విదిలించి, కేశములు క్రిందికుండునట్లు వ్రేలాడదీసినచో త్వరగా ఆరును. కుంచెను గూర్చి ఏమరుపాటు తగదని చరిత్రయే చెప్పుచున్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, సరిగా శుద్ధిచేయని గుర్రపు వెండ్రుకలతో తయారైన చవక కుంచెలవలన ఇంగ్లండు, అమెరికా దేశములలో పలువురికి ఆంత్రాక్సు వ్యాధి సోకినది. అందు మరణించినవారును కలరు. నేటి కుంచెలకు ఆ భయము లేకున్నను, ఎవరి కుంచె వారిదిగా, పొడిగా ఉండుట మేలు. పటికముక్కయు అంతే. గాయముపై రాచిన పటికను ఇంటిల్లిపాదియు వాడరాదు. రేజరును పంచుకొనుట అసలే కూడదు. కంటికగపడని నెత్తుటిచుక్కలో దాగియుండు హెపటైటిస్-బి వైరసు, శరీరము వెలుపల 7 దినములవరకు చేవ చెడకుండ ఉండగలదని వైద్యులు చెప్పుదురు.

ఇంతవరకు మా మాటలు ఇంటి శుభ్రతను గూర్చినవి. మిగిలినది వాడిన బ్లేడు. ఇది ఇంటితో ముగియునది కాదు. వాడి పారవేయుమని పెయింటరు చెప్పెను గాని, ఎక్కడ పారవేయవలెనో చెప్పలేదు. అమెరికా దేశమున కొంతకాలము స్నానాల గది అల్మరావెనుక ఒక సన్నని చీలిక పెట్టి, బ్లేడును గోడలోనికి జారవిడిచెడివారు. ఆ పాత ఇండ్లను పడగొట్టునపుడు నేటికిని గోడలనుండి తుప్పుబ్లేడ్లు రాలుచుండును. మన ఇండ్లలో బ్లేడు ఇంకను చాలకాలము బ్రతుకును. పిల్లల పెన్సిళ్లు చెక్కుటకు, కుట్లు విప్పుటకు, గోళ్లు తీయుటకు ఉపయోగించి, చివరకు చూరులో చెక్కుదురు, లేదా కాగితమున చుట్టి చెత్తబుట్టలో వేయుదురు.

ఆ కాగితపు పొట్లమును తరువాత ముట్టుకొనువారెవరు? తెల్లవారకమునుపే బండి తోలుకొనివచ్చి మన వాకిట నిలుచు పారిశుద్ధ్య కార్మికులు. 2012 అక్టోబరులో వరంగల్లున జరిగిన పారిశుద్ధ్యోద్యమమున ఇంటింట తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయించి సేకరించుట దేశమున పలుచోట్ల ప్రశంసలందినది. ఆ కీర్తిలో ఈ కార్మికుల చేతులకు పెద్దభాగము కలదు. వేరుచేయుట యనగా చేయిపెట్టి చూచుటయే. మనము అజాగ్రత్తగా చుట్టిన పొట్లములోని బ్లేడు ఆ చేతిని చీల్చును. ఒకనాటి కూలి పోవును, ధనుర్వాతము వచ్చునను భయము పట్టుకొనును, పైన చెప్పిన వైరసుల ముప్పు వెంటాడును. మన చెంపకు గాయము కాకూడదని నూరేండ్లకు పైగా ఇన్ని పరికరములు కల్పించుకొంటిమి. ఇతరుల చేతికి గాయము కాకుండ మనమేమి చేసితిమి?

చేయవలసినది బహుస్వల్పము. మూత బిగువైన ఒక చిన్న రేకుడబ్బాను తీసికొని, మూతపై బ్లేడు దూరునంత సన్నని గండి పెట్టింపుడు. దానిని అద్దము ప్రక్కన, పిల్లలకందని ఎత్తున ఉంచుడు. వాడిన ప్రతి బ్లేడును చేతితో తుడువక, నీటిలో జాడించి అందు జారవిడువుడు. వారమున కొక బ్లేడు వాడువానికి ఏడాదికి 52 బ్లేడ్లగును. ఇంత చిన్న డబ్బా నిండుటకు సంవత్సరములు పట్టును. నిండిన పిమ్మట గండిని గట్టిగా మూసి, పైన బ్లేడ్లని వ్రాసి, మామూలు చెత్తలో కలుపక, బండివానికి చేతికిచ్చి చెప్పుడు. ఇంటిలోని ప్రమాదకరమైన చెత్తను తడి, పొడి చెత్తలతో కలుపక మూడవపాలుగా వేరుంచవలెనని 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములు కూడ నిర్దేశించినవి. నియమము సంగతి యటుండనిండు. రోజూ పలుకరించు మనిషికి ఒక మాట చెప్పి డబ్బాను అందించుట మర్యాద.

ఒక గిన్నె, ఒక నిలుపు, ఒక డబ్బా. ఈ మూటికి కావలసినది అద్దము ప్రక్కన జానెడు చోటు. గిన్నెవలన ఇల్లాలికి తుడుపుపని తగ్గును, చెరువునీరు కొంత మిగులును. డబ్బావలన మన పేరెరుగని ఒక కార్మికుని చేయి క్షేమముగా ఇల్లు చేరును. గడ్డము నున్నగా నున్నదో లేదో అద్దము చెప్పగలదు. పని శుభ్రముగా ముగిసినదో లేదో తెలిసికొనుటకు, తొట్టివైపు ఒకసారి, చెత్తబుట్టవైపు ఒకసారి చూచి మరీ గదినుండి వెలికి రావలెనని శ్రోతలకు మా విన్నపము.